రెండు వేళ్ల సందు

మా బాబాయికి లోకంలో ఒకటే భయం: ఒక వస్తువు ఇంకో వస్తువుకి తగులుతుందేమోనని. దొంగలంటే భయం లేదు, ఉరుములంటే లేదు, ఆఖరికి పిన్నంటే కూడా పెద్దగా లేదు. కానీ సోఫా గోడకి తగిలితే? పూలకుండీ తలుపుకి తగిలితే? చూపుడువేలూ మధ్యవేలూ జోడించి సందులో దూర్చి చూస్తాడు. దూరాయా, బతికిపోయాం. దూరలేదా, ఇంట్లో సామానంతా జరపాల్సిందే.

ఈ జబ్బు ఆయనకి వృత్తిలో అంటుకుంది. బాబాయిది అద్దాల షాపు. అద్దాన్ని చట్రంలో బిర్రుగా ఇరికిస్తే ఎండకి సాగడానికి చోటు లేక పగిలిపోతుంది, అందుకని చుట్టూ కాస్త సందు వదలాలి. పని నేర్చుకునే రోజుల్లో ఆయన సందు వదలకుండా బిగించిన ఓ నిలువెత్తు అద్దం, ఎవరూ ముట్టుకోకుండానే, యజమాని కళ్ల ముందే ఠప్పున పగిలిందట. ఆ చప్పుడు ఆయన చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. నిజానికి అద్దానికి గోరు మందం సందు చాలు. బాబాయి ముందుజాగ్రత్తగా దాన్ని రెండు వేళ్లు చేసి, అద్దాలతో ఆపకుండా మొత్తం ప్రపంచానికి వర్తింపజేశాడు.

పెళ్లి ఫొటోలో ఆయనకీ పిన్నికీ మధ్య కూడా సరిగ్గా రెండు వేళ్ల సందు ఉంటుంది. "దగ్గరికి జరగండి బాబూ అని ఫొటో తీసేవాడు మొత్తుకుంటే, వద్దు, బట్టలు నలుగుతాయన్నారు మీ బాబాయి" అని పిన్ని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. మేమెవరం ఊరెళ్తున్నా ఆయన దగ్గరికి తీసుకోడు. నెత్తికి కాస్త పైన గాలిలో చెయ్యాడించి "జాగ్రత్త తల్లీ" అంటాడు. ఆయన దీవెన కూడా మనకి తగలదు.

అలాంటి మనిషి చేతిలో నా ఉద్యోగం పడింది.

నేను పశువుల డాక్టర్ని. కొండ మీద పశువుల ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున్న చేరాలి, చేరకపోతే నా తర్వాతి వాళ్లని పిలుస్తామని ఫోన్లో ఖరాఖండిగా చెప్పేశారు. సొంత బండి ఉండాలన్నది ఇంకో షరతు. అక్కడ పశువుల పాకలు ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి, దారంతా రాళ్లు, మధ్యలో వాగు. నా దగ్గర బండి లేదు. బాబాయి దగ్గర ఉంది. వయసులో నాకంటే పెద్దదైన పికప్ ట్రక్కు, అద్దాలు మోసి మోసి షెడ్డులో విశ్రాంతి తీసుకుంటోంది.

"ఇంకేం, నువ్వే తీసుకో" అన్నాడు బాబాయి ఒక్క మాటలో. వాగు దాటాలి కదా అని మెకానిక్కు చేత దాని ఎత్తు కూడా పెంచించాడు. బండి ఠీవిగా లేచి నిలబడింది. కానీ ఆ ఎత్తుకి పాత చక్రాలు, పెద్దమనిషి పసిపిల్లాడి చెప్పులు తొడుక్కున్నట్టు కనిపించాయి. కొత్తవి వెయ్యాలి. అక్కణ్ణుంచి మొదలైంది నా గుండెదడ.

టైర్ల షాపాయన బాబాయికి పాత స్నేహితుడు. "రిమ్ము ఎంతది వేద్దాం అన్నా? పదిహేను అంగుళాలదా, పదిహేడుదా?"

"తగలనిది వెయ్యి" అన్నాడు బాబాయి.

"అది సైజు కాదన్నా!"

నాకు అర్థమయ్యేలా షాపాయనే ఓ చక్రాన్ని నేల మీద బోర్లా పడుకోబెట్టి చూపించాడు. పైనున్న అంచు మీద అడ్డంగా ఒక పట్టీ పెట్టి, అక్కణ్ణుంచి కిందికి, బండికి ఆనించి బోల్టులు బిగించే చోటిదాకా కొలవాలి. ఆ కొలతే బ్యాక్‌స్పేసింగ్. అది ఎక్కువైతే చక్రం బండి లోపలికి జరిగి స్ప్రింగు పట్టీలకి రాసుకుంటుంది. తక్కువైతే బయటికి పొడుచుకొచ్చి, మలుపు తిప్పినప్పుడు మడ్‌గార్డుకి రాసుకుంటుంది.

అంటే లోపల తగలొచ్చు, బయటా తగలొచ్చు. ఈ సంగతి విన్నాక బాబాయికి రెండు రోజులు అన్నం సయించలేదు.

తర్వాత ఆయన అద్దాలు చుట్టి వచ్చే దళసరి అట్టలు తెచ్చి, చక్రాలంత గుండ్రంగా కోసి, పొరలు అంటించి, ఏకంగా అట్ట చక్రాలే తయారుచేశాడు. బండిని జాకీల మీద నిలబెట్టి వాటిని బిగించాడు. నేను స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాలి, ఆయన కింద పడుకుని సందుల్లో వేళ్లు దూర్చాలి.

"తిప్పు... ఇంకొంచెం... ఆగు! తగిలితే?"

"తగిలిందా బాబాయ్?"

"తగల్లేదు. తగిలితే?"

వీధిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. "అట్ట చక్రాలతో ఎంత మైలేజీ ఇస్తుందండీ?" అని ఒకాయన పెద్దమనిషి తరహాలో అడిగాడు. నేను సిగ్గుతో స్టీరింగు వెనక్కి వంగిపోయాను. బాబాయి మాత్రం కింది నుంచే "అవతలికి జరిగి నిలబడండి, మీ మోకాలు బండికి తగులుతోంది" అన్నాడు.

పదిహేను అట్ట అయ్యాక పదిహేడు అట్ట, లోపలి కొలత పెంచి ఒకటి, తగ్గించి ఒకటి. చూస్తుండగానే శుక్రవారం వచ్చేసింది. నాకు నిద్రలో కూడా అట్ట చక్రాలేసుకుని కొండెక్కుతున్నట్టు, వాగులో అవి నానిపోయినట్టు కలలు. లేచి కూర్చుని గోళ్లు కొరుక్కునేదాన్ని. పిన్ని కూడా అటూ ఇటూ తిరుగుతూ, "ఏమండీ, పిల్ల ఉద్యోగం ఊడిపోయాక తగలని చక్రాలు పెట్టుకుని ఏం చేసుకుంటాం?" అని సాధించేది.

చివరికి నేనే తెగించాను. టైర్ల షాపు గోడకి వేలాడే వెడల్పాటి తళతళలాడే చక్రాలంటే బాబాయికి ఎప్పట్నుంచో ప్రాణం. అటు వెళ్లినప్పుడల్లా ఆగి, రెండు వేళ్ల దూరం నుంచి వాటిని చూసి నిట్టూర్చేవాడు. "ఆ చక్రాల్ని చూసినట్టు నన్ను ఒక్కసారైనా చూశారా?" అని పిన్ని ఫిర్యాదు.

"ఇంక కొలవొద్దు బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. అవే బిగించేద్దాం" అన్నాను.

శనివారం బిగించారు. బాబాయి వేళ్లు లోపలా దూరాయి, బయటా దూరాయి. ఎక్కడా తగల్లేదు. చక్రాలు రెండు పక్కలా దర్జాగా బయటికొచ్చి మెరుస్తుంటే ఆయన బండి చుట్టూ తిరిగి తిరిగి చూసుకున్నాడు. ఆ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. "పద, ఒక చుట్టు తిప్పి తీసుకొద్దాం" అని నా పక్కనెక్కి కూర్చున్నాడు.

వీధి చివర ఒక గుంతలో ముందు చక్రం పడింది. స్టీరింగు ఒక్కసారి చేతుల్లో గింజుకుని మెలిపెట్టినట్టు తిరిగింది. పోయినేడు గేదె తన్నితే విరిగి అతికిన నా కుడి మణికట్టు జివ్వుమంది. నేను పైకి ఏమీ అనలేదు. అంటే మళ్లీ అట్టలు బయటికొస్తాయని హడలు. బాబాయి కూడా ఏమీ అనలేదు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

ఆదివారం పొద్దున్న లేచి చూద్దును కదా, బండి మళ్లీ జాకీల మీదుంది. చక్రాలు లేవు.

"బాబాయ్! చక్రాలేవి?"

"వెనక్కిచ్చేశాను తల్లీ."

"ఎక్కడా తగల్లేదు కదా!"

"తగల్లేదు" అని ఒప్పుకుని ఆయన తల గోక్కున్నాడు. "సాయంత్రానికి అయిపోతుందిలే."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకు బండి ఇవ్వడం ఇష్టం లేదు. సూటిగా చెప్పేస్తే నేను పొద్దున్నే బస్సెక్కి, ఉద్యోగం లేదని వాళ్ల నోట వినేసి తిరిగొస్తాను కదా!" అని అరిచి, మెట్ల మీద కూలబడి ఏడ్చేశాను. బాబాయి నా పక్కన కూర్చున్నాడు, సరిగ్గా రెండు వేళ్ల ఎడంలో.

మధ్యాహ్నానికి షాపాయన వేరే చక్రాలు దించాడు. నల్లవి, సన్నవి, మెరుపూ లేదు, దర్జా లేదు. నా మొహం చూసి ఆయనే అన్నాడు: "కోప్పడకమ్మా. మీ బాబాయి తెల్లారకముందే వచ్చి నా తలుపు కొట్టాడు. తగులుతుందా అని ఈసారి అడగలేదు. గుంతలో పడితే స్టీరింగు మెలి తిరగకుండా ఉండాలంటే చక్రం ఎంత లోపలికి జరగాలి అని అడిగాడు. చక్రం బయటికొచ్చేకొద్దీ దెబ్బ చేతికి ఎక్కుతుందమ్మా. ఇవి పదిహేను అంగుళాల రిమ్ములు, వీటి మీద టైరు పక్క గోడ ఎత్తుగా ఉంటుంది కాబట్టి రాళ్ల దెబ్బ కూడా తనే మింగుతుంది. చూడ్డానికి బావుండవనుకో."

నేను బాబాయి వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తూ, "నిన్న గుంత దాటాక ఇంటిదాకా ఎడం చేత్తోనే తోలావు" అన్నాడు.

నేను కుడి మణికట్టుని ఎడం చేత్తో కప్పేసుకున్నాను. "ఆ మెరిసేవంటే నీకు ప్రాణం కదా బాబాయ్?" అన్నాను.

"గోడకే ఉంటాయిలే. వెళ్లి చూసొస్తుంటాను."

చక్రాలు బిగించారు. లోపలికి జరిగిన చక్రాలు కదా, స్ప్రింగు పట్టీకి దగ్గరగా వెళ్లాయి. బాబాయి కిందకి దూరి వేళ్లు పెట్టాడు. దూరలేదు. తిప్పి పెట్టాడు, దూరలేదు. నుదుటి మీద చెమట పట్టింది. పిన్ని కొంగు నోట్లో పెట్టుకుంది. బాబాయి జీవితంలో సందులో వేళ్లు దూరని వస్తువు గుమ్మం దాటి వెళ్లిన చరిత్ర లేదు.

"ఇది చాలన్నా, చివరిదాకా తిప్పినా తగలదు, పూచీ నాది" అని షాపాయన బతిమాలాడు.

బాబాయి ఇంకోసారి వేళ్లు పెట్టి చూశాడు. ఆఖరికి "ఇలా రా తల్లీ, నీ వేళ్లు పెట్టు" అన్నాడు.

నేనూ కిందకి దూరి, చూపుడువేలూ మధ్యవేలూ జోడించి పెట్టాను. నా వేళ్లు సన్నవి. ఇట్టే దూరిపోయాయి.

"దూరాయా?"

"దూరాయి బాబాయ్."

"అయితే సరే. బండి నీది, నీ వేళ్లే లెక్క" అని ఆయన లేచి బట్టలు దులుపుకున్నాడు. ఇంతకాలం లోకమంతా ఆయన వేళ్ల కొలతతో నడిచింది. ఆ పూట మాత్రం నా వేళ్లకి ఒప్పుకున్నాడు.

సోమవారం తెల్లవారుతూనే బయల్దేరాను. మందుల పెట్టె వెనక పెట్టించి, బాబాయి అలవాటుగా నా నెత్తికి పైన గాలిలో చెయ్యెత్తాడు. నేను ఆ చేతి కింది నుంచి దూరి ఆయన్ని గట్టిగా వాటేసుకున్నాను. ఆయన అద్దంలా బిగుసుకుపోయాడు. ఠప్పున పగులుతాడేమోనని నేను భయపడ్డాను కానీ, మెల్లగా ఆ చెయ్యి దిగి నా నెత్తి మీద ఆనింది.

"ఏమండోయ్, తగులుతోంది!" అంది గుమ్మంలోంచి పిన్ని.

"తగలనీవోయ్" అన్నాడు బాబాయి.

"అలాగా! మరి నా సంగతేమిటి?"

బండి కదిలాక అద్దంలో చూశాను. పిన్ని ఆయన పక్కకొచ్చి నిలబడింది. బాబాయి అలవాటు కొద్దీ ఇద్దరి మధ్యా రెండు వేళ్లు పెట్టబోయి, పిన్ని వైపు చూసి, మడిచేసుకున్నాడు.