నార్త్ వార్డు ఎక్కడండీ?

నా ఇంగ్లిష్ మా చెల్లి ఉద్యోగాన్ని ఎలా మింగబోయిందో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

చెల్లి రమణికి అనకాపల్లిలో ఒక కంపెనీవాళ్ల పరీక్ష. తోడుగా నేను. కశింకోట నుంచి షేర్ ఆటోలో వచ్చి ఆర్టీసీ బస్టాండు కాంప్లెక్స్ దగ్గర దిగాం. పిలుపు కాగితంలో దారి ఇంగ్లిష్‌లో రాశారు: 'కాంప్లెక్స్ నుంచి నార్త్‌వర్డ్ ఒక కిలోమీటరు.'

"అంటే ఏటన్నియ్యా? ఫోన్‌లో సూద్దామా?"

"ఫోనెందుకే? నార్త్ వార్డులో ఒక కిలోమీటరు నడవాలి. డిగ్రీ సదివినోణ్ణి, నాకు తెలీదేటి?"

ఒక ఆటో అతన్ని అడిగాను.

"ఆరో వార్డు తెలుసు, ఏడో వార్డు తెలుసు. నార్త్ వార్డేటి బావా? కొత్తగా పెట్టేరా?"

"పెట్టే ఉంటారు," అన్నాను, మునిసిపాలిటీ మొత్తం తరఫున.

రమణిని వెంటేసుకుని గానుగెద్దులా వీధులన్నీ తిరిగాను. పరీక్షకి ఇంకో పావుగంటే ఉంది.

"గేటు మూసెత్తారన్నియ్యా!" రమణి కళ్లలో నీళ్లు. అది చూశాక నా డిగ్రీ కాస్త వణికింది. ఎదురుగా వార్డు సచివాలయం బోర్డు. దేవుడే పెట్టించాడనుకుని లోపలికి పరుగెత్తాను.

"మేడమ్, నార్త్ వార్డు ఇదేనాండీ?"

అక్కడ పనిచేసే ఆవిడ కాగితం చదివి, నా వంక చూసి, నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్లు తాగింది.

"కాగితంలో ఉన్నది వార్డు కాదండీ. నార్త్‌వర్డ్ అంటే ఉత్తరం వైపు. ఈస్ట్‌వర్డ్ అంటే తూర్పు వైపు. ఇంతసేపూ మీరెటెళ్లేరు?"

"దక్షిణం వైపు మేడమ్."

ఆవిడ పక్క సీటాయనకు చెప్పి, స్కూటీ తాళాలు తీసుకుని రమణి వైపు తిరిగింది. "రామ్మా, బండెక్కు!"

వెనక నేను రొప్పుతూ పరుగు. నేను చేరేసరికి గేటు మూసేశారు, రమణి లోపలుంది. ఆవిడ బయట నిలబడి, "ఊపిరి తీసుకోండి, అందింది," అంది. చేతులు జోడించాను.

రమణికి ఉద్యోగం వచ్చింది. మర్నాడే బెల్లం దిమ్మ పట్టుకుని సచివాలయానికి వెళ్లాను. కొత్తగా నేర్చుకున్న చదువు ఊరుకుంటుందా?

"మేడమ్, మీరు మా సెల్లిని ఉద్యోగంవర్డ్ తీసుకెళ్లేరు!"

"బెల్లం తీసుకుంటాను గానీ, ఆ మాట ఇంకెక్కడా అనకండి," అంది.

అందుకే ఎనిమిది దిక్కుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీద దారి తెలియకపోతే తెలుగులోనే అడుగుతాను. ధన్యవాదాలు కూడా తెలుగులోనే చెబుతాను.