పసుపంటిన వంద డాలర్లు

మా సోలో ఊళ్ళో పెద్ద బజారు వెనక సందులో డబ్బు మార్చే కొట్టు ఒకటుంది. అందులో పన్నెండేళ్ళుగా గుమాస్తాని నేను. ఇన్నేళ్ళలో రేటు దగ్గర నన్ను ముప్పుతిప్పలు పెట్టిన మనిషి ఒక్కతే, పైకెమ్ అవ్వ. ఆవిడ ఏనాడూ బ్యాంకు గుమ్మం తొక్కలేదు.

అవ్వకి అరవై ఆరేళ్ళు. వీపుకి బుట్ట, బుట్టలో ఏడు సీసాల అల్లం, పసుపు కషాయాలు. నలభై ఏళ్ళుగా పొద్దున్నే ఇంటింటికీ నడిచి అమ్ముతోంది. కుడి మోకాలు ఎప్పుడో పాడైంది. రోజూ మా కొట్టు ముందు బుట్ట దించి నాకో గ్లాసు పసుపు చింతపండు కషాయం పోస్తుంది. అది తాగాక, అడక్కుండానే అర గ్లాసు కొసరు. ఆ కొసరు నా నోట్లో ఉండగా అడుగుతుంది:

"ఇవాళ రియాలు ఎంతే?"

"నాలుగు వేల రెండు వందల డెబ్బై రూపియాలు, అవ్వా."

"నిన్న అరవయ్యే కదా! ఒక్క రాత్రికే కొమ్ములొచ్చాయా దానికి?"

"నేను పెంచానా? పై నుంచి వస్తుంది."

"పై నుంచి వచ్చేది వాన. రేటు మీ అయ్యగారి దగ్గర్నుంచి వస్తుంది."

ఒక్క రియాలుకి మా రూపియాలు ఎన్నో తేల్చుకోడానికి ఇలా రెండు నెలలు. మమ్మల్నే కాదు, ఆ వీధిలో ఉన్న మూడు కొట్ల వాళ్ళనీ ఇలాగే వేపుకు తినేది. "విమానం ఎక్కే చోట కూడా మారుస్తారు అవ్వా, అక్కడ మార్చుకో" అన్నాను ఓసారి విసుగొచ్చి. "అంత అద్దాల మేడకి అద్దె ఎవరు కడతారు? నాబోటి వాళ్ళేగా!" అంది.

అవ్వ మక్కాకి, ఉమ్రా యాత్రకి వెళ్తోంది. టిక్కెట్టు సొమ్ము ఏళ్ళ తరబడి కూడబెట్టి కట్టేసింది. ఇక మిగిలిన బెంగ మోకాలే. అక్కడ కాబా చుట్టూ ఏడుసార్లు తిరగాలి, ఆపైన రెండు గుట్టల మధ్య ఏడుసార్లు నడవాలి. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తిప్పడానికి మూడు వందల రియాళ్ళు అడుగుతారని, కిందటేడు వెళ్ళొచ్చిన పక్కింటావిడ చెప్పింది. దానికోసమని అవ్వ దగ్గర ఒకే ఒక్క వంద డాలర్ల నోటుంది. బట్టల అద్దకం నేర్చుకోడానికి వచ్చి, ఆరు నెలలు ఆవిడ కషాయం తాగిన ఒక విదేశీ పిల్ల వెళ్తూ వెళ్తూ చేతిలో పెట్టింది.

ప్రయాణం పది రోజులుందనగా ఓ సోమవారం రియాలు నాలుగు వేల రెండు వందల యాభైకి దిగింది. అవ్వ నడుం పట్టీ మడతలోంచి నోటు తీసి బల్ల మీది గాజు కింద నుంచి తోసింది. పసుప్పచ్చగా ఉంది!

మా దగ్గర డాలరు పెళ్ళికూతురిలా ఉండాలి. మడత పడితే ఓ రేటు, సిరా చుక్క ఉంటే ఓ రేటు. అందుకే జనం లావుపాటి పుస్తకాల మధ్య దాస్తారు. అవ్వ మాత్రం ఆ వయసు ఆడవాళ్ళందరూ డబ్బు దాచే చోటే దాచింది. పొద్దస్తమానం పసుపు దంచే చేతులాయె.

మా యజమాని హందోయో గారు నోటుని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నారు. "శుభ్రంగా ఉంటే పదిహేను లక్షల అరవై వేల రూపియా ఇచ్చేవాణ్ణి. దీనికి పన్నెండు లక్షలు. అదీ నీ మొహం చూసి."

నా లెక్కల మిషన్ కంటే ముందే అవ్వ నోటితో లెక్క కట్టింది. "రెండు వందల ఎనభై రెండు రియాళ్ళు. అంటే చివరి చుట్టు నేను కుంటాలన్నమాట."

ఆయన లోపలికెళ్ళగానే, సాయం చేస్తున్నాననుకుని, తడి దూదికి కాస్త సబ్బు రాసి నోటు మూల తుడిచాను. మూల కాస్తా పారాణి పెట్టినట్టు ఎర్రబడింది! పన్నెండు లక్షలకి కూడా ఎసరు పెట్టానే అని ఏడుపొచ్చింది.

"పసుపుకి సబ్బు పెడతారటే ఎవరైనా?" అవ్వ నోటు లాక్కుంది. "నిన్ను కట్టుకున్నవాడి చొక్కాలు ఎన్ని తగలేశావో పాపం!"

ఆ సాయంత్రం వాళ్ళింటికి పరిగెత్తాను. అవ్వ నిమ్మరసం చుక్కతో ఎరుపు విరిచేసి, నోటుని మంచినీళ్ళతో అద్ది ఆరబెట్టింది. గోడ మీది మొగుడి ఫొటో దించి, పటం గాజు వెనక, ఆయన మొహం మీదే నోటు పరిచి బిగించింది. మర్నాటి నుంచి ఆ పటం ఇంటి పెంకుల మీద ఎండలో ఉంది. పసుపు మరక ఎండకి విరిగిపోతుందని నలభై ఏళ్ళుగా తన రవికలు చూసి తెలుసు ఆవిడకి.

"ఆయన బతికున్నప్పుడు ఏనాడూ నా డబ్బుకి కాపలా కాయలేదు. ఇప్పుడైనా కాయనీ" అంది.

ఆరు రోజులు రోజుకో వైపు తిప్పింది. ఏడో రోజు నోటు మళ్ళీ మా బల్ల మీదకి వచ్చింది. మడత లేదు, మరక లేదు. హందోయో గారు భూతద్దం పెట్టారు, దొంగనోట్లు పట్టే ఊదా దీపం కింద చూశారు, చివరికి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"అల్లం వాసనొస్తోంది."

"వాసనకి తగ్గింపు ఉందా అయ్యా? బోర్డు మీద రాయలేదే!"

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. అదృష్టం, రియాలు ఇంకా యాభై మీదే ఉంది. "పూర్తి రేటే. మూడు వందల అరవై ఏడు వస్తాయి. చిల్లర లేదు, అరవై అయిదు తీసుకో."

"మీ గుమాస్తా నా దగ్గర ఎంత కొసరు తాగిందో లెక్క తీయమంటారా?"

ఆయన నా వంక కొరకొరా చూసి మూడు వందల డెబ్బై ఇచ్చారు.

నెల తిరిగేసరికి అవ్వ బుట్టతో ప్రత్యక్షం. నాకు గుప్పెడు ఖర్జూరాలు పెట్టి, పది రియాళ్ళ నోటు తోసింది. "తిరిగి ఎంతకి కొంటారు?"

"నాలుగు వేల వంద."

"మక్కా చూసొచ్చిన నోటుకి రేటు పెరగాలా, తగ్గాలా? పో, ఇవ్వను!" నోటు మళ్ళీ నడుంలోకి పోయింది.

"కుర్చీ దొరికిందా అవ్వా?"

"దొరికింది. తోసే కుర్రాడికి మన మాటలొచ్చు, మూడు వందలన్నాడు. మన భాషలోనే బేరమాడి రెండు వందల యాభైకి తెచ్చాను." నా గ్లాసు నింపింది. "కూర్చోగానే బుట్ట లేదని వీపు తడుముకున్నాను. ఆ కుర్రాడు తోస్తుంటే దేవుణ్ణి ఏం అడగాలనుకున్నానో అన్నీ మర్చిపోయానే. నలభై ఏళ్ళు నేను మోశాను. నన్ను ఒకరు మోయడం అదే మొదలు. ఏడుస్తూ కూర్చున్నానంతే."

నేను గ్లాసు ఖాళీ చేశాను. అవ్వ అర గ్లాసు కొసరు పోసి బుట్ట ఎత్తుకోబోయింది. నేను తలుపు తీసుకుని బయటికొచ్చి, ఆ బుట్ట నా వీపున వేసుకుని సందు చివరిదాకా నడిచాను.