రెండో కాలికి నూనె

వీధిలో అందరూ ఆమెను నూనెక్క అంటారు. కొట్టు తెరవగానే కొంగుతో సీసాలు తుడిచి, ఒక చుక్క ముంజేతికి రాసుకుని వాసన చూస్తుంది. కొనేవాళ్ళు నోరు తెరిచేలోపే వైద్యం చెప్పేస్తుంది: జుట్టు రాలితే కొబ్బరినూనె, కీళ్ళు పట్టేస్తే ఆవనూనె, మానని పుండుకి నువ్వులనూనె. ఈ వైద్యం అత్తగారు చెప్పింది గోరంత, ఈమె చేసింది కొండంత. "ఏమో, తెలియదు" అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు.

మొన్న దర్జీ కర్ర పట్టుకుని వచ్చాడు. షుగరు మనిషి. అరికాలి పుండుకి ఆసుపత్రి ఎందుకన్నయ్యా అని నూనె ఇచ్చింది ఆమే. ఇప్పుడా పాదానికి వేళ్ళు లేవు. "తప్పు నాదే చెల్లెమ్మా, మధ్యలో కొన్నాళ్ళు నూనె రాయడం మరిచాను. ఈ రెండో కాలికీ పొక్కు లేచింది. ఈసారి మరవనులే, ఒక సీసా ఇవ్వు," అన్నాడు. సీసా మీదికి వెళ్ళిన చెయ్యి ఆమె వెనక్కి తీసుకుంది. "దీంతో పుండు మానదన్నయ్యా. తెలియక చెప్పాను. ఇప్పుడే డాక్టరుకి చూపించు." దర్జీ నవ్వాడు. "నన్ను ఓదార్చడానికి నీ నూనెనే తిట్టుకుంటావేంటమ్మా!" అంటూ ఎదురుగా ఉన్న ఇంకో నూనెకొట్టుకి నడిచాడు. నూనెక్క చెప్పులైనా వేసుకోకుండా వెనకే పరుగెత్తింది. అప్పటికే ఆ కొట్టాయన సీసాని కాగితంలో చుడుతూ, "రాత్రి రాసి పడుకోండి, తెల్లారేసరికి మాయం," అంటున్నాడు.