బంగారవ్వ అని పిలిచేటోళ్ళు

సూరత్ అవతల కామ్‌రేజ్‌ల తొమ్మిదో అంతస్తు ఎక్కి పదకొండు నెలలాయె. ఇన్ని రోజులల్ల బాలవ్వను ఒక్కరంటే ఒక్కరు "బంగారవ్వా" అని పిలువలే. కొడుకు వినోద్‌కు అమ్మ, కోడలు జమునకు అత్తమ్మ, మనుమరాలు సింధూజకు నానమ్మ. కింద గేటుకాడి వాచ్‌మన్‌కైతే తొమ్మిది వందల మూడు. ఇంటి నంబరే ఆమె పేరు.

ఆ పిలుపు ఒక్కసారి చెవుల పడితే చాలని ఆమె పానం కొట్టుకుంటుండె. గింత చిన్న ఆశ ఎవరికి చెప్పుకుంటది? చెప్తే నవ్వుతరు.

అసలు ఆ పేరు ఎట్ల పడ్డదంటే... నలభై ఏండ్ల కింద సిరిసిల్ల పక్క పల్లె నుంచి పెనిమిటి నర్సింగం ఎంబడి సూరత్‌ల దిగింది. భేస్తాన్‌ల ఒక గల్లీ. కింద సాంచాలు, అవే కరెంటు మగ్గాలు, పైన అర్రలు. వచ్చిన మూడోనాడు పొద్దుగాల నర్సింగం సాంచాల మీద ఉన్నడు, ఈమె ఒక్కతే అర్రల ఉన్నది. గల్లీల ఎవడో బండి నూకుకుంట "భంగార్! భంగార్ దేదో!" అని ఒర్రుకుంట వచ్చిండు. ఆ దేశంల భంగార్ అంటే తుప్పుపట్టిన ఇనుము, పాత డబ్బాలు, తుక్కు. కొత్త పెండ్లి పిల్లకు ఏమెరుక? పట్టపగలు బంగారం ఇయ్యమని మొత్తుకుంటున్నడు, వీడెంత పెద్ద దొంగనో అనుకున్నది. పుస్తెలు గుప్పిట్ల పట్టుకొని, తలుపు గొళ్ళెం పెట్టి, మంచం కిందికి దూరింది.

పగటీలి బువ్వకు వచ్చిన నర్సింగం ఎంత కొట్టినా తలుపు తియ్యలే. పక్కర్ర ఐలమ్మ కిటికీల నుంచి తొంగి చూసింది.

"ఏందే పిల్లా, మంచం కింద ఏం జేస్తున్నవే?"

"బంగారం ఇయ్యమంటున్నడక్కా! పోయిండా వాడు?"

ఐలమ్మ నవ్వుకుంట నవ్వుకుంట అక్కడనే కూలబడ్డది. పొద్దుగూకే లోపల గల్లీ మొత్తం ఎరుకైంది. గల్లీల అప్పటికే ఇద్దరు బాలవ్వలు ఉండిరి. మూడో బాలవ్వకు ఆనాటి నుంచి బంగారవ్వ అనే పేరు ఖాయమైంది. భంగార్ బండాయన ఓంప్రకాష్‌కు గూడ ఈ ముచ్చట తెలిసి, ఈమె కిటికీ కిందికి రాంగనే కావాలని ఇంకింత గట్టిగ అరిచేటోడు. ఈమె కొంగు మెడకు చుట్టుకొని "పో పో, నా తాన ఏం లేదు" అనేది. నలభై ఏండ్లు అదే ఆట. ఆరేండ్ల కింద నర్సింగం పోయినంక కొన్నాళ్ళు ఆమె కిటికీ కింద ఓంప్రకాష్ అరువలే. బండి సప్పుడు చెయ్యకుంట నూకుకుంట పోయేటోడు. ఒకనాడు ఈమెనే పిలిచి, "ఎప్పటి లెక్కనే అరువయ్యా" అన్నది.

గల్లీ గొప్పగ ఉండెనని కాదు. ఎనుకనే ఖాడీ, అంటే పెద్ద మురికి కాలువ. దాంట్ల నీళ్ళు ఒకనాడు గులాబీ, ఒకనాడు పచ్చ. మిల్లుల ఏ రంగు అద్దుతున్నరో ఆ నీళ్ళను చూసి ఆడోళ్ళు చెప్పేటోళ్ళు. ఎండకాలం ఆ వాసనకు బువ్వ సయించకపోయేది. అయినా తలుపులు పొద్దంత తెరిచే ఉంటుండె. ఊరు పెరుగుకుంట పెరుగుకుంట గల్లీ దాక వచ్చింది. సాంచాలను ఊరవతలికి పొమ్మన్నరు. ఓనరు కామ్‌రేజ్ దిక్కు కొత్త మిషన్లు పెట్టిండు. పాత సాంచాలను ఓంప్రకాషే ముక్కలు ముక్కలు చేసి ట్రక్కుల ఎక్కించిండు. గల్లీ జాగల ఇప్పుడు రేకులు కట్టిన్రు, లోపల బిల్డింగు లేస్తున్నది. మనుషులు ఎటోళ్ళు అటు. ఐలమ్మ భివండీల బిడ్డ దగ్గరికి పోయింది. ఓంప్రకాష్ ఏడున్నడో ఎవరికీ తెల్వది.

కొత్త ఇల్లు మంచిగనే ఉంటది. పాలరాయి లెక్క మెరిసే నేల, లిఫ్టు, నల్లా తిప్పితే నీళ్ళు. వినోద్, జమున పొద్దుగాలనే మిషన్ల కాడికి పోతరు, సింధూజ బడికి. ఇగ సాయంత్రం దాక బాలవ్వ, కిటికీ. కిందికి చూస్తే మొన్నటిదాక చెరుకు ఉండె. దాంట్ల ఇప్పుడు మూడు గుంటలు తవ్విన్రు, ఇంకో మూడు బిల్డింగులకు. కిటికీ తీస్తే సిమెంటు దుమ్ము. వానలు పడితే గేటుకాడ మోకాలు మట్టం నీళ్ళు. నీళ్ళు పారే తొవ్వల ఇండ్లు కట్టిన్రు, నీళ్ళు వాటి తొవ్వ ఇడుస్తయా? వీధిల అమ్మేటోళ్ళను, కొనేటోళ్ళను గేటు లోపలికి రానియ్యరు. అంత పైకి ఏ పిలుపూ ఎక్కది.

ఒకనాడు బడికి పోయే ముందల సింధూజ ఐలమ్మ నంబరు ఫోన్ల ఎక్కించింది. "నానమ్మా, ఈ బటన్ దబాయించు, బస్. ఘర్‌ల సిగ్నల్ రాదు, బయటికి పోయి మాట్లాడు" అన్నది.

బాలవ్వ తల దువ్వుకొని, మంచి చీర కట్టుకొని, ఎవలింటికో పోతున్నట్టు తలుపు బయటికి వచ్చి నిలబడ్డది. నాలుగు తలుపులు, నాలుగూ మూసే ఉన్నయి. మీట నొక్కింది.

"ఎవలు?" అన్నది అవతల ఐలమ్మ. సాంచాల సప్పుడుకు ఆమె చెవులు ఎన్నడో పోయినయి.

"నేనక్కా, బాలవ్వను!"

"ఏ బాలవ్వ?"

ఏం చెప్తది? తన నోటితోని తనే చెప్పుకోవాలెనా ఆ పేరు? అయినా గట్టిగ అన్నది. "బంగారవ్వను!"

"ఏందీ? బంగారమా?"

"బంగారవ్వ అక్కా! బంగారవ్వ! బంగార్... బంగార్..." గొంతు పలిగేటట్టు అరిచింది. సాంచాల నడుమ బతికిన గొంతు, నాలుగు గోడలకు తాకి మళ్ళ వచ్చింది.

"మా తాన బంగారం లేదు, గింగారం లేదు! ఫోన్లల్ల గిట్లనే అడిగి ముంచుతరని మా పిల్ల చెప్పింది. పెట్టెయ్ ఫోను, దొంగముండా!"

ఫోను కట్టయింది. బాలవ్వ దాన్ని చేతుల పట్టుకొని నిలబడ్డది. నలభై ఏండ్ల కింద తను మంచం కిందికి దూరినట్టే, ఐలమ్మ ఇయ్యాల్ల భివండీల తలుపేసుకున్నది.

అంతల ఎదురింటి తలుపు తెరుసుకున్నది. పదకొండు నెలలల్ల ఆ ఇంటి గుజరాతీ ఆమె మొఖం సరిగ చూసింది అదే మొదలు. ఒక చేతుల పిడి ఊడిన కుక్కరు, ఇంకో చేతుల పాత పేపర్ల కట్ట.

"బా, ఆప్ భంగార్ లేతే హో? బతాయా కైకు నహీ?" అన్నది. నువ్వు తుక్కు కొంటవా పెద్దమ్మా, ముందే చెప్పకపోతివి అని.

బాలవ్వ కుక్కరును చూసింది. ఆమె మొఖం చూసింది. ఒక్కసారే నవ్వొచ్చింది. తెలుగామె చెవులకు బంగారమాయె, గుజరాతీ ఆమె చెవులకు తుక్కాయె, నడుమ మనిషి ఎవలకూ వినపడలే. గోడకు ఒరిగి, కండ్లల్ల నీళ్ళు వచ్చేదాక నవ్వింది. ఎదురింటామె గూడ ఎందుకో ఏందో తెల్వకుంటనే మర్యాదకు కొద్దిగ నవ్వి, కుక్కరు అక్కడ పెట్టి పోయింది. తలుపు మళ్ళ మూసుకున్నది.

సాయంత్రం సింధూజ రాంగనే ముచ్చటంత చెప్పింది. పిల్ల బూట్లు ఇప్పుకుంట విన్నది.

"బంగారం మత్లబ్?"

"అదే బిడ్డా, మెడల ఏసుకునేది."

"అచ్ఛా, సోనా! తో సోనాకు, భంగార్‌కు ఏం సంబంధం నానమ్మా?"

బాలవ్వ మళ్ళ మొదటికెళ్ళి చెప్పింది. చివరికి పిల్ల, "ఓ, అచ్ఛా... ఫన్నీ" అని నానమ్మ చెంపకు ముద్దు పెట్టి లోపలికి పోయింది. విడమరిచి చెప్పంగ చెప్పంగ దాంట్ల నవ్వు మిగలలే.

ఆ ఐతారం తలుపుకాడ ఇంకో ఇంటి పాత ఫ్యాను ఉన్నది. జమునకు కోపమొచ్చింది. "అత్తమ్మా, మనం తుక్కోళ్ళం కామని చెప్పరాదు? అందరు నిన్ను భంగార్‌వాలీ బా అంటున్నరు."

"అంటున్నరా?" అన్నది బాలవ్వ. "ఎవలెవలు?" అని అడిగింది.

జమున తల కొట్టుకొని లోపలికి పోయింది. బాలవ్వ ఫ్యాను రెక్కలు తడిగుడ్డతోని తుడిచి, కుక్కరు పక్కన గోడకు ఒరగబెట్టింది. పగటీలి తలుపు గంట మోగితే తనే లేచి పోయింది. పోవుకుంట పోవుకుంట, తెల్వకుంటనే, కొంగు మెడకు చుట్టుకున్నది.