నీరు నిండిన వైపు

ఎవరైనా దయ్యాల కథ చెప్తే నేను అడిగే మొదటి ప్రశ్న, ఆ సమయంలో పక్కన ఇంకెవరున్నారని. మామూలుగా ఎవరూ ఉండరు. నా వరకు కథ అక్కడే అయిపోతుంది. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. నల్గొండలో హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు జరిగిన ఈ విషయంలో మాత్రం, పక్కన ఒక నర్సు ఉంది. అది కూడా పట్టపగలు.

ఛాతీ పరీక్షకు ఒక వరస ఉంటుంది. ముందు చూడాలి, తర్వాత తాకాలి, వేలితో తట్టాలి, చివరికి స్టెతస్కోప్ పెట్టి వినాలి. తాకేటప్పుడు రోగి వీపు మీద అరచేతులు ఆనించి "ఒకటి, ఒకటి" అనమంటాం. ఊపిరితిత్తి బాగుంటే ఆ మాట అదురు చేతికి తెలుస్తుంది. దాని చుట్టూ నీరు చేరితే ఆ చోట చేతికి ఏమీ అందదు.

నర్సింహ అనే రోగికి కుడివైపు కింద నీరు చేరింది. షాద్‌నగర్ దగ్గర కంకర మిషన్‌లో చాలా ఏళ్లు పనిచేసి, రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడ్డాక మా దవాఖానకు వచ్చాడు. నీరు తీస్తే మళ్లీ చేరేది. పుస్తకంలో ఉన్న లక్షణాలన్నీ ఆయన వీపు మీద ఉండేవి కాబట్టి జూనియర్లను నేను ఆయన మంచం దగ్గరికే తీసుకెళ్లేవాణ్ణి. వేరే రోగులు విసుక్కునేవారు. ఆయన చొక్కా విప్పి తిరిగి కూర్చునేవాడు.

ఒకరోజు మాత్రం అడిగాడు. "ఒకటి ఒకటి అని ఎన్నిసార్లు అనాలె సారూ? రెండు ఎప్పుడొస్తది?"

అందరం నవ్వాం. ఏదైనా మాట చాలు, గొంతు అదిరితే సరిపోతుందని చెప్పాను.

"గట్లయితే నా బిడ్డ పేరంట" అన్నాడు.

అప్పటినుంచి మా బ్యాచ్‌లన్నీ "యాదమ్మ, యాదమ్మ" అనే మాట మీదే తాకడం నేర్చుకున్నాయి. చివరి "మ్మ" దగ్గర ఎడమ చేతి కింద తుమ్మెద తిరిగినట్టు ఉండేది. కుడి చేతి కింద గోడను ముట్టుకున్నట్టు ఉండేది.

యాదమ్మ అమ్రాబాద్‌లో ఒక హాస్టల్‌లో వంట చేసేది. తల్లి లేదు. ఆయాసం పెరిగాక ఆయన నన్ను అడిగింది ఒక్కటే, బిడ్డ వచ్చేదాకా తనను ఎట్లయినా ఉంచమని. అలాంటి మాట ఇవ్వకూడదని మాకు నేర్పారు. నేను ఇవ్వలేదు. ఆమెకు ఫోన్ చేసి వెంటనే బయలుదేరమన్నాను.

ఆమె బస్సులో ఉన్న రోజు పొద్దుటికే ఆయనకు మాట పోయింది. ఆక్సిజన్ మాస్కు పెట్టాం. ఆ పొద్దున తీసిన ఎక్స్‌రేలో కుడివైపు సగం వరకు నీరే ఉంది. మధ్యాహ్నం ఎడమవైపు కూడా చేరిందేమో చూడమని పెద్ద డాక్టర్ చెబితే వెళ్లాను. సుజాత సిస్టర్ ఎదురుగా నిలబడి ఆయన భుజాలు పట్టుకుంది. ఛాతీ రెండువైపులా సమానంగా కదులుతోందా లేదా అని వీపు మీద చేతులు పెట్టాను.

కుడి చేతి కింద అదిరింది.

ముందు చిన్నగా, తర్వాత స్పష్టంగా. చివర "మ్మ" దగ్గర సాగి ఆగింది. మళ్లీ మొదలైంది. నీరున్న చోటే. ఎడమ చేతి కింద ఊపిరి కదలిక తప్ప ఏమీ లేదు.

"మాట్లాడుతున్నడా సిస్టర్?" అని అడిగాను.

"ఏడ సార్, పెదవి గూడ కదుపుతలేడు" అంది.

అదే చోట తట్టాను. రాయిని తట్టినట్టే ఉంది. స్టెతస్కోప్ పెట్టాను. ఏ చప్పుడూ లేదు. చేయి పెడితే మాత్రం ఆ పేరు.

కొద్దిసేపటికి అది ఆగింది. తర్వాత ఆయన ఊపిరి ఆగింది. చేయవలసినవన్నీ చేశాం. తిరిగి రాలేదు. బస్సు అప్పుడే దేవరకొండ దాటిందని యాదమ్మ ఫోన్‌లో చెప్పింది. నేరుగా వార్డుకు రమ్మన్నాను.

ఆమె చేతిలో టిఫిన్ డబ్బాతో వార్డులోకి వచ్చి, కప్పిన దుప్పటి చూసి ఆగిపోయింది. నా వైపు తిరిగి అడిగింది.

"నాయిన ఏమన్న అన్నడా సారూ?"

"పొద్దుటి సంది మాట లేదమ్మా" అంది సిస్టర్.

"నీ పేరన్నడు" అన్నాను నేను.

సిస్టర్ నా వైపు చూసింది. యాదమ్మ డబ్బా కింద పెట్టి, తండ్రి వీపు కిందికి చేయి పోనిచ్చింది. కుడివైపు, కింద.

"గీడనే గదా?" అంది.

ఎక్కడ అదిరిందో నేను ఆమెకు చెప్పలేదు.

"అమ్మ పోయినంక గీడనే చెవి ఆనిచ్చి పండుకునేదాన్ని సారూ. నిద్ర పట్టేదాక నా పేరే అంటుండె."

తర్వాత కారణాలు వెతికాను. ఆక్సిజన్ సీసాలో బుడగల అదురు అనుకుంటే, అది గోడకుంది, మంచానికి కాదు. నా చేతుల వణుకు అయితే రెండు చేతులకూ తెలియాలి. కఫం అయితే స్టెతస్కోప్‌కు వినిపించాలి. నాలుగో కారణం నాకు దొరకలేదు.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో పనిచేస్తున్నాను. విద్యార్థులకు నీరు మాటను దాటనివ్వదనే చెప్తాను, అదే నిజం కాబట్టి. రోగిని మాత్రం ఒకటి అనమని అడగను. ఇంట్లో ఎవరున్నారో అడిగి, వాళ్ల పేరు అనమంటాను.