కొత్త పిల్లలు, పాత బాజా

మా బావ పోయాడని వికారాబాదులో నాకు చెప్పింది పాలు పోసే మనిషి. తాండూరు నుంచి పొద్దుటి బండిలో వచ్చినవాళ్లెవరో అతనికి చెప్పారట. పాలగిన్నె లోపల పెట్టి, చదువుతున్న పుస్తకంలో ఆకు మడిచి, చెప్పులేసుకుని స్టేషనుకు నడిచాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న రోజు వరకూ రాలేదు.

రాయడానికి కారణం వేరే. పోయిన వారం తాండూరులో సంతాప సభ పెట్టారు. అక్కడి సాహిత్య సమితికీ, భజన మండలికీ కూడా అధ్యక్షుడైన పెద్దమనిషి లేచి, మా బావ శాస్త్రీయ సంగీతమంటే చెవి కోసుకునేవాడని చెప్పాడు. అందరూ తలలూపారు. బావ శాస్త్రీయ సంగీతం వినగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన విన్నది రాక్ బ్యాండ్లు. చచ్చినవాడు కాదనలేడు గనుక నేను కాదంటున్నాను.

1969లో తెలంగాణ ఉద్యమం వల్ల మా బడి మూతపడి నేను ఖాళీగా ఉన్నాను. ఊరొదిలి పోతున్న ఒక డాక్టరు వికారాబాదులో ఇంటి సామాన్లు అమ్ముతుంటే, బీరువా కొనుక్కురమ్మని అక్క బావను పంపింది. ఆయన రికార్డు ప్లేయరూ, కొన్ని ఇంగ్లీషు రికార్డులూ కొన్నాడు. ఆ పూట మా ఇంట్లోనే పెట్టి విన్నాం. రెండు మూడు గిటార్లు, ఒక డ్రమ్ము, ఒక గొంతు. కాలు కదిపేలోపే పాట అయిపోయేది. బావకు ఇంగ్లీషు రాదు. అది అడ్డమని ఆయనకు తోచనే లేదు. ఆ తర్వాత ఆయన ప్లేయరు పెట్టినప్పుడల్లా అక్క "మా బీరువ మొదలువెట్టింది" అంటూ వచ్చి చప్పుడు తగ్గించి పోయేది.

తర్వాత ఆ సంగీతం మారింది. హైదరాబాదు నుంచి తెప్పించిన రికార్డుల్లో ఒక్కో పాట ఒక పక్కంతా సాగేది. మధ్యలో ఏవో మిషన్ల మోత. "బోనమెత్తినోళ్లు ఊరంత తిరుగుతున్నరు గని గుడికి పోతలేరు" అని బావ ప్లేయరు మీద గుడ్డ కప్పేశాడు. చాలా ఏళ్లు అది అలాగే ఉంది.

ఎనభైల మొదట్లో, తాండూరు బజారులో క్యాసెట్ల దుకాణం నడిపే భాయ్ ఆయన్ను పిలిచి కూచోబెట్టాడు. భాయ్ తమ్ముడు జెద్దా నుంచి క్యాసెట్లు పంపేవాడు. "పటేలా, పిల్లలు కొత్తోళ్లు, బాజా పాతది. జర విను" అన్నాడట. విన్నాక బావ ఆ క్యాసెట్టుతో పాటు టేప్ రికార్డరు కూడా కొని, మరుసటి రోజే రెండూ పట్టుకుని వికారాబాదు వచ్చాడు. మళ్లీ అవే గిటార్లు, అదే డ్రమ్ము, ముచ్చట పొట్టిగా ముగించే అదే పద్ధతి. పాతవాళ్లకు నకలు అన్నాను.

"నకలు గాదు బామ్మర్దీ. ఊరు మర్చిపోయిన బాయికి పూడిక దీసిండ్రు. నీళ్లు కొత్తయే గద" అన్నాడు. తర్వాత, నా అలమారు వైపు చూసి, "నువ్వు సదివే బుక్కులల్ల గిట్ల సీదా చెప్పెటోడు ఒక్కడన్న ఉన్నడా?" అని అడిగాడు.

అప్పటినుంచి వెతుకుతున్నాను. కొందరు దొరికారు. వాళ్లలో సాహిత్య సమితివాళ్లు లేరు.

ఒకరోజు అధ్యక్షుడు భజనకు పిలవడానికి వచ్చి, ఈ వయసులో ఈ కోతిగంతులేమిటని బావను అడిగాడు. "కూసోండ్రి. పాట అయినంక మాట్లాడుదం" అన్నాడు బావ. పాట మధ్యలో ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పెద్దమనిషి కూర్చోకుండానే వెళ్లిపోయాడు. సభలో ఈ సంగతి చెప్పలేదు.

బావ పోయిన మూడో రోజు కాగ్నా ఏటి ఒడ్డున పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి ఆకులో పెట్టి కాకి ముట్టేదాకా చూస్తాం. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని, ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాట ఇస్తారు. జొన్నరొట్టె, మాంసం, కల్లు పెట్టాం. కాకులు తుమ్మచెట్టు మీదే కూర్చున్నాయి. బంట్వారం పొలం అమ్మనని కొడుకు మాటిచ్చాడు. భజన మందిరం గోడ మీద పేరు చెక్కిస్తానని అధ్యక్షుడు దండం పెట్టాడు. కాకులు దిగలేదు. ఎండెక్కింది. నాకీ నమ్మకాలు లేవు. అయినా ఊరికే నిలబడి ఉన్నాను.

అక్క భాయ్ వైపు తిరిగి, పొద్దున ఇంట్లోంచి తెమ్మన్న టేపు తెచ్చాడా అని అడిగింది. భాయ్ సంచిలోంచి బావ టేప్ రికార్డరు తీసి నాపరాయి మీద పెట్టి మీట నొక్కాడు. డ్రమ్ము మొదలవగానే కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

"బంద్ చెయ్యిండ్రి, పిట్టలు బెదురుతున్నయి" అన్నాడు అధ్యక్షుడు.

"కూసోండ్రి. అయినంక మాట్లాడుదం" అంది అక్క.

ఈసారి కూర్చున్నాడు. అందరం వేడెక్కిన రాళ్ల మీద కూర్చున్నాం. ఒక పక్క అయిపోయి మీట టక్కున లేచింది. కాసేపటికి ఒక కాకి దిగి రొట్టె ముక్క తుంచుకుంది. పెద్దలు ధోవతులు దులుపుకుని లేచారు.

అక్క క్యాసెట్ తీసి, కొంగుతో తుడిచి, తిప్పి పెట్టింది.

"ఇంకో దిక్కున్నది తమ్మీ" అంది నాతో, చప్పుడు పెంచుతూ. కాకి రొట్టె ముక్కతో ఏటి మీదుగా ఎగిరిపోయింది. లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు.