మూడు కత్తెర్లు

ఈ ఆస్పత్రి బెంచీ నాకు కొత్త కాదు. మూడేండ్ల కిందట ఇదే తిరుపతిలో, ఇదే వరండాలో నా పక్కన కూర్చోని కోమలి మొక్కుకునింది. కోమలంటే నా తమ్ముడు ధనంజయ పెండ్లాం. వాడు చిత్తూరు మండీలో మామిడికాయల లారీ తోలేవాడు. ఒకనాడు లోడెత్తతా ఎత్తతా గుండె పట్టుకోని కూలబడినాడు. డాక్టర్లు చేతులెత్తేసినారు. అప్పుడు కోమలి జడ విప్పేసింది. మోకాళ్ళు దాటే జుట్టు, మా మిట్టూరు వీధంతా కుళ్ళుకునే జుట్టు. దాన్ని రెండు చేతుల్లో పట్టుకోని, "సామీ, ఆయన్ని లేపి కూర్చోబెట్టు. పెరటాసి నెల మూడో శనివారం కొండకు నడిచొచ్చి ఈ తలనీలాలన్నీ నీకే ఇచ్చేస్తా. ఒక్క వెంట్రుక దాచుకోను" అనింది. నేనే సాక్షి.

వాడు లేచినాడు.

లేచినాడు గానీ మళ్ళా లారీ ఎక్కేదానికి లేదు. ఇల్లు గడవాల గదా! కోమలి గుంటగలగరాకు, మందారం, కరివేపాకు వేసి టెంకాయనూనె కాచి సీసాల్లో అమ్మింది. నూనెను ఎవురు సూసినారు? అందరూ ఆ జడను సూసే కొన్నారు. ఏడాది తిరిగేసరికి సీసా మీద దాని జడ ఫోటో పడింది, షెడ్డు లేసింది, ఆరుమంది ఆడోళ్ళు పనికొచ్చినారు, బెంగుళూరు నుంచి ఆర్డర్లు. మొదట్లో పెరటాసి శనివారాలు నామం పెట్టిన చెంబు పట్టుకోని, ఐదిండ్ల ముందర గోవిందా అని బియ్యం ఎత్తుకోనొచ్చి, వండి, ఆకేసి సామికి తళిగ నైవేద్యం పెట్టేది. ఆ చెంబుతోనే నూనె కొలిచేది ఒకనాడు నా కండ్లారా సూసినా.

మొక్కిన ఏడు వాణ్ణి సూసుకునేదానికే సరిపోయింది. మరుసటేడు పెరటాసి వచ్చింది. "ఇప్పుడే గదా వదినా లేబుళ్ళు అచ్చేయించింది, వచ్చే ఏడు పోదాం" అనింది. పోయిన పెరటాసికి కారులో కొండకు పోయి సాయంత్రానికి తిరిగొచ్చింది. జడ మాత్రం జడ మాదిరే ఉండాది.

"ఏం మ్మీ, ఇచ్చినావా?"

"ఇచ్చినా వదినా. జడ కొసన మూడు కత్తెర్లు. ఆడోళ్ళకు అది చాలు, శానామంది అట్లే ఇస్తారు."

"వాళ్ళు మొక్కేదే మూడు కత్తెర్లు! నువ్వు మొక్కిందేంది? కండ్లు నెత్తికెక్కినాయే నీకు!"

"గుండు కొట్టించుకుంటే నూనె ఎవురు కొంటారు? ఈ ఆరుమందికి కూడు ఎవురు పెడతారు? సామికి తెలీదా నా కష్టం?"

ఆ మాటకు నేనింకా గట్టిగా అరిచినా.

ధనంజయ గడప కాడ నిలబడి అంతా విన్నాడు. ఆ పొద్దు నుంచి వాడికి కూడు సహించలేదు. మాట్లాడతా మాట్లాడతానే చెయ్యి రొమ్ము మీదికి పోయేది. ఒకసారి నన్నడిగినాడు, "అక్కా, అది ఇస్తానన్నది ఇయ్యలేదు. మరి నేను ఇంకా ఎట్ల బతికుండా?" "పిచ్చి మాటలు ఆడొద్దురా" అని కసురుకున్నా. అప్పుడే కోమలికి చెప్పుండాల. చెప్పలేదు, నాదీ తప్పే.

ఈ పొద్దు పెరటాసి మూడో శనివారం. తెల్లారి లేచి సూస్తే వాడి మంచం ఖాళీ. మాత్రల డబ్బా, ఫోను టేబులు మీదే ఉండాయి. చెప్పులు వాకిట్లోనే ఉండాయి. వాటిని సూడంగానే కోమలి కారు తాళాలు అందుకునింది. చెప్పుల్లేకుండా యాడికి పోతాడు? కొండ మెట్లకే. మెట్లెక్కితే పానానికే ముప్పని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినాడో!

కారు తీసినాం. కొండెక్కి, దిగే రోడ్డులో వెతుక్కుంటా వస్తే మోకాళ్ళ మెట్టు కాడ జనం గుంపు. నడిమద్దెన వాడు, గోడకు ఆనుకోని, పెదాలు నల్లబడి. ఎవురో అప్పటికే అంబులెన్సుకు ఫోను చేసినారు.

"ఎందుకెక్కినావయ్యా!" అని కోమలి వాడి కాళ్ళ మీద పడింది.

"నీ మాట ఉత్తదై పోగూడదని" అన్నాడు. "నా తలనీలాలన్నా ఇద్దామని..." అంతే, కండ్లు మూసుకున్నాడు.

అంబులెన్సు వచ్చింది. వాణ్ణి ఎక్కించినారు, నేనూ ఎక్కినా. చెయ్యి చాపితే కోమలి అందుకోలేదు. వాణ్ణొకసారి, మెట్లనొకసారి సూసింది. "నువ్వు పో వదినా" అని చెప్పులిడిచి పైకి తిరిగింది. మొగుడు సావుబతుకుల్లో ఉంటే వదిలేసి పోతావా అని నోటికొచ్చినట్టు తిట్టినా. తలుపు మూసేసినారు.

సాయంత్రం, ఇదిగో ఇప్పుడే, వరండా ఆ చివర నుంచి ఎవురో వస్తా ఉంటే గుర్తుపట్టలేకపోయినా. నున్నటి గుండు, దాని మీద చందనం. కొండ నడిచే దిగినట్టుండాది, అరికాళ్ళు బొబ్బలు. రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారని చెప్పినా. తలాడించి, అదే బెంచీ మీద నా పక్కన కూర్చునింది.

"సామిని ఏమడిగినావు మ్మీ?"

"ఏమీ అడగలేదు. ఇచ్చేసి వచ్చినా."

మూడేండ్లు దానికి బుద్ధులు చెప్పిన నోరు నాది. "అడక్కుండా ఎట్లొచ్చినావే పాపిష్టిదానా! లోపలుండేది నా తమ్ముడు! అడగాల్సింది గదా!"

అది నా చెయ్యి గట్టిగా పట్టుకునింది.

"అడిగితే ఇస్తాడు వదినా. ఇచ్చినాక నేను మళ్ళా మరిసిపోతా."